ఎర్రర్ అనాలా, వార్న్ చాలా? కాటా దగ్గర నేర్చుకున్న లాగ్ లెవెల్స్

అనంతపురంలో తాడిపత్రి రోడ్డు మీదున్న ఒక వే బ్రిడ్జికి నేను సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. మా వైపు దాన్ని వే బ్రిడ్జి అని ఎవరూ అనరు, కాటా అంటారు. చీనీకాయల (బత్తాయిల) బండి కాటా ఎక్కుతుంది, ఇండికేటర్ మీద అంకె నిలబడుతుంది, ఆపరేటర్ బటన్ నొక్కుతాడు, చీటీ వస్తుంది. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే కాయల బరువు. సూటు పేరుతో తూకంలోంచి వ్యాపారి ఎంత కోసినా, ధర ఎంత పలికినా, లెక్క మొదలయ్యేది ఆ చీటీ మీది అంకెతోనే. నా వంతు పని చిన్నదే: ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్‌లో వచ్చే అంకెను చదవడం, దాచడం, ప్రింట్ చేయడం, రైతు ఫోన్‌కు ఎస్సెమ్మెస్ పంపడం. అంతా పైథాన్‌లో రాశాను.

ప్రోగ్రామ్ తను చేసిన పనుల గురించి రాసుకునే డైరీ లాంటిది లాగ్, అందులో ఒక్కో లైను ఎంత ముఖ్యమో చెప్పే గుర్తు లెవెల్. మొదట్లో నా లాగ్ పద్ధతి చాలామందికి ఉన్నట్టే ఉండేది. ఎక్సెప్షన్ (కోడ్ నడుస్తుండగా తగిలే ఆటంకం) వస్తే ఎర్రర్, అనుమానంగా ఉంటే వార్న్, బాగా జరిగితే ఇన్ఫో, నా సొంత గొణుగుడంతా డీబగ్. ఎర్రర్ పడినప్పుడల్లా నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేట్టు పెట్టుకున్నాను. మంచి జాగ్రత్తపరుణ్ణని మురిసిపోయాను కూడా.

ఒక సీజన్‌లో, మంచి రద్దీ రోజున, పొద్దున్నే ఎస్సెమ్మెస్‌లు పోవడం ఆగిపోయింది. ఒక్కో చీటీకి మూడు ప్రయత్నాలు, మూడు ఎర్రర్లు. పది గంటలకల్లా ఫోన్ చూడాలంటేనే విసుగొచ్చింది. చీటీ చేతికి ఇస్తూనే ఉన్నారు కదా, ఎస్సెమ్మెస్ లేకపోతే ఎవరికేం నష్టమని ఆ మెసేజ్‌లు మ్యూట్‌లో పెట్టేశాను. మధ్యాహ్నం కాటా ఆపరేటర్ నుంచి కాల్. ఆయన నాకంటే బాగా పెద్ద.

"ఏమప్పా, నీ మిషను పొద్దుమానం ఒకే పాట పాడతాండాది."

"ఏమైందన్నా?"

"మూడు ట్రాక్టర్లు ఎక్కి దిగినాయి. మూడిటికీ 5,840 కేజీలే. నార్పల రైతు ఒకాయన నిలబడి అడుగుతాండాడు, మూడు బండ్లూ ఒకే కడుపున పుట్టినాయా సామీ అని."

జరిగింది ఇదీ. సీరియల్ కేబుల్ పిన్ను వదులై కంప్యూటర్‌కు రీడింగులు రావడం ఆగిపోయింది. కొత్త రీడింగ్ లేకపోతే ఆఖరున వచ్చినదాన్నే చూపించమని నేను ఎప్పుడో ఒక లైను రాసిపెట్టాను, స్క్రీన్ మీద అంకె మిణుకుమిణుకుమనకుండా ఉంటుందని. పక్కనే ఇండికేటర్ మీద సరైన తూకం కనబడుతూనే ఉంది. కానీ నా స్క్రీన్ మీద అంకెలు పెద్దవి కాబట్టి ఆపరేటర్ అటు చూడ్డం మానేసి చాలా రోజులైంది. మొదటి ట్రాక్టర్ తూకం నిజం. మిగతా రెండూ దాని నీడలు. మూడోది ఇంకా అక్కడే ఉంది కాబట్టి మళ్లీ తూచారు. రెండోదాన్ని మార్కెట్ యార్డు దారిలో ఆపి వెనక్కి తెచ్చారు.

సాయంత్రం లాగ్ తెరిచి చూస్తే ఆ ముక్క అందులో ఉంది. "కొత్త రీడింగ్ లేదు, పాతది వాడుతున్నాం." డీబగ్ లెవెల్‌లో. ఎక్సెప్షన్ ఏదీ రాలేదు, అందుకని డీబగ్. ఎవరికీ నష్టం లేని ఎస్సెమ్మెస్ మాత్రం ఎర్రర్, గంటకు వందసార్లు. పుండొకచోట, మందొకచోట.

ఆ రాత్రి లెవెల్స్ అన్నీ మళ్లీ మొదటినుంచి రాసుకున్నాను. ఇప్పటికీ అదే పద్ధతి వాడుతున్నాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

"కోడ్‌లో ఏం జరిగింది?" అనేది లెవెల్‌ను తేల్చే ప్రశ్న కాదు. "ఈ లైను చదివినవాళ్లు ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా?" అని అడగాలి. జవాబు దొరికితే లెవెల్ దానంతటదే తేలుతుంది. దొరకకపోతే అది ఇన్ఫోనో డీబగ్గో అవుతుంది, అంతకంటే పైకి పోదు. ఎక్సెప్షన్ వచ్చిందా లేదా అన్నది ప్రోగ్రామర్ గోల. ఎక్సెప్షన్ వచ్చి కూడా ఎవరూ ఏమీ చేయక్కర్లేని సందర్భాలు బోలెడు. ఏ ఎక్సెప్షనూ రాకుండా రైతు డబ్బు పోబోయిన సందర్భం పైనే చెప్పాను.

క్రిటికల్

అన్నిటికంటే పై లెవెల్ ఇది, కొన్ని లైబ్రరీల్లో దీన్నే ఫేటల్ అంటారు. ప్రోగ్రామ్ చచ్చిపోతేనే క్రిటికల్ అని చాలాచోట్ల రాసి ఉంటుంది. నాకది సరిపోలేదు. ప్రోగ్రామ్ చచ్చిపోతే ఆపరేటర్‌కు వెంటనే తెలుస్తుంది, ఇండికేటర్ చూసి చేత్తో చీటీ రాసిస్తాడు, పని సాగుతుంది. బతికే ఉండి తప్పు తూకం ఇస్తేనే ప్రమాదం. అందుకే నా కాగితం మీద క్రిటికల్‌కు అర్థం ఇలా రాసుకున్నాను: "ఇకమీదట వచ్చే చీటీని నమ్మకూడదు. ప్రింట్ ఆపు, మనిషిని పిలువు."

దీని కిందికి వచ్చేవి నా దగ్గర మూడే. రెండు సెకన్లుగా కొత్త రీడింగ్ రాకపోవడం. డేటాబేస్‌లో రాయడం కుదరకపోవడం. ఖాళీ కాటా మీద సున్నా రాకపోవడం. ఈ మూడింటిలో ఏది జరిగినా ప్రింట్ బటన్ పనిచేయదు, స్క్రీన్ ఎర్రగా మారుతుంది, నా ఫోన్ మోగుతుంది. లెవెల్ పేరు మార్చి ఊరుకుంటే చాలదు, ప్రోగ్రామ్ నడక కూడా దానికి తగ్గట్టు మారాలి. క్రిటికల్ అని రాసి, పక్కనే చీటీ ప్రింట్ చేస్తుంటే ఆ మాటకు విలువేముంది?

మీది ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఈ లెవెల్‌లోకి ఏవేవి వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టగలగాలి. పది దాటితే మళ్లీ కూర్చుని చూడండి.

ఎర్రర్, వార్న్

ఒక పని చెడింది, తక్కిన పనులు నడుస్తున్నాయి, మనిషి చేయి పెట్టనిదే అది బాగుపడదు. అది ఎర్రర్. రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌కు ఎక్కలేదనుకోండి. దానికోసం నన్ను నిద్ర లేపక్కర్లేదు, కానీ రేపు సాయంత్రంలోగా నేను చూడాలి. ఎర్రర్లన్నీ కలిపి రోజుకొక మెయిల్‌గా వస్తాయి. ఆ మెయిల్ ఖాళీగా ఉండటమే మామూలు కావాలి. రోజూ అవే నాలుగు ఎర్రర్లు వస్తూ, వాటిని ఎవరూ పట్టించుకోవట్లేదంటే అవి ఎర్రర్లు కావు, వాటి లెవెల్ తగ్గించండి. లేదా అవి నిజంగానే ఎర్రర్లు, మీరు పని ఎగ్గొడుతున్నారు.

వార్న్ దగ్గరే అందరూ తడబడతారు. ఎటూ తేల్చుకోలేనివన్నీ తెచ్చి ఇందులో పడేస్తారు. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, వార్న్‌కు ఒక అంకె, ఒక గడువు ఉండాలి. "డిస్క్ నిండుతోంది" అంటే వార్న్ కాదు, వట్టి భయపెట్టడం. "డిస్క్‌లో 8 శాతమే ఖాళీ, ఇలాగే పోతే 6 రోజులు" అంటే వార్న్. కరెంటు పోయినప్పుడు కూడా ఇంతే. "యూపీఎస్ మీద నడుస్తోంది, బ్యాటరీ 15 నిమిషాలు" అని పడితే ఆపరేటర్ కాటా మీదున్న బండిని పూర్తిచేసి మిగతావాళ్లను కాసేపు ఆగమంటాడు. గడువు రాయలేకపోతున్నారంటే, అది ఎప్పటికైనా ఎర్రర్‌గా మారుతుందో లేదో మీకే తెలియదన్నమాట.

ఎస్సెమ్మెస్ సంగతి ఇప్పుడిలా ఉంది. మొదటి ప్రయత్నం విఫలమైతే డీబగ్. మూడూ విఫలమైతే దాన్ని వరుసలో పక్కన పెట్టి ఇన్ఫో. వరుసలో 50 మెసేజ్‌లు పేరుకుంటే ఒకే ఒక్క వార్న్. సాయంత్రం కాటా మూసేసరికి కూడా పోకపోతే ఎర్రర్. ఒకే తప్పు, కాలం గడిచేకొద్దీ మెట్లెక్కుతుంది. మెట్టు ఎక్కినప్పుడు మాత్రమే లాగ్‌లో ఒక లైను పడుతుంది.

ఇన్ఫో

ఒక తూకానికి ఒక లైను. "చీటీ 214, బండి ఏపీ 02, నిండు 5,840, ఖాళీ 2,215, నికరం 3,625." (బండి నంబరు పూర్తిగా రాస్తాను, ఇక్కడ కుదించాను.) ఇన్ఫో లైన్లు మాత్రమే వరసగా చదివితే ఆ రోజు కాటా దగ్గర ఏం జరిగిందో కథలా తెలియాలి. పుట్లూరు నుంచి ఒక రైతు వారం తర్వాత వచ్చి చీటీ పోయిందన్నప్పుడు, వ్యాపారి తూకం తక్కువొచ్చిందని పేచీ పెట్టినప్పుడు, తీర్పు చెప్పేది ఈ లైనే. అందుకని అంకెలన్నీ లైనులోనే ఉండాలి. "తూకం విజయవంతంగా పూర్తయింది" అని రాస్తే ఎవరికి పనికొస్తుంది?

వాడేవాళ్లు టైపు చేయడంలో చేసే తప్పులు కూడా ఇక్కడికే వస్తాయి, ఎర్రర్‌లోకి కాదు. ఇందులో నేను ఇంకోసారి తలవంపులు పడ్డాను. మా జిల్లా బండ్లన్నీ ఏపీ 02 కదా, ఇంకే నంబరు కొట్టినా ఎర్రర్ పడేట్టు రాశాను. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కొత్త ట్రాక్టర్ ఎక్కినప్పుడల్లా ఎర్రర్. ఇక చీనీలోడుకు ఢిల్లీ నుంచి వచ్చే లారీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

డీబగ్, ట్రేస్

ఇవి నాకోసం, కాటాకోసం కాదు. ఇండికేటర్ సెకనుకు పది రీడింగులు పంపుతుంది. ప్రతిదీ రాస్తే ఎనిమిది గంటలకు 2,88,000 లైన్లు. అలాంటివి డీబగ్‌కంటే కింది మెట్టైన ట్రేస్‌లో ఉండాలి, అదీ వెతుకుతున్న రోజే తెరవాలి. పైథాన్‌లో ట్రేస్ పుట్టుకతో లేదు, కావాలంటే 5 అనే అంకెతో మనమే పెట్టుకోవాలి.

అంకెల తికమక

లెవెల్స్‌కు పేర్లతోపాటు అంకెలు ఉంటాయి, అవి ఒక్కోచోట ఒక్కో దిక్కున నడుస్తాయి. 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌కోసం రాసుకున్న సిస్‌లాగ్ అనే లాగ్ పద్ధతిలో ఎనిమిది మెట్లు, 0 నుంచి 7 దాకా. 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్. 2009లో వచ్చిన సిస్‌లాగ్ ప్రమాణ పత్రం ఆరెఫ్సీ 5424లోనూ అదే వరస. అంటే చిన్న అంకెకే పెద్ద ప్రమాదం. పైథాన్‌లో తలకిందులు: డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. లాగ్‌లు, కొలతలు పోగుచేసే ఓపెన్ టెలిమెట్రీ అనే ప్రమాణంలో 1 నుంచి 24 దాకా, పెద్ద అంకెకు పెద్ద ప్రమాదం. జావాలో ఎస్సెల్‌ఎఫ్‌ఫోర్‌జే అనే లాగ్ లైబ్రరీ వాడితే ఫేటల్ అనేదే లేదు, ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఒకచోటి లాగ్‌ను ఇంకోచోటికి పంపుతుంటే అంకెలను నమ్మకండి, ఏ పేరు ఏ పేరుకు సమానమో ఒక పట్టిక రాసిపెట్టుకోండి.

సిస్‌లాగ్‌కు ఎనిమిది ఉన్నాయి కదా అని మీరూ ఎనిమిది వాడక్కర్లేదు. అలర్ట్‌కూ క్రిటికల్‌కూ తేడా ఏమిటని మీ టీమ్‌లో ఇద్దర్ని అడిగితే రెండు జవాబులు వస్తే, వాటిలో ఒకటి తీసేయండి.

పైథాన్ కొత్తగా వాడేవాళ్లకు ఒక మాట. ఏమీ సెట్ చేయకపోతే రూట్ లాగర్ (లాగ్ లైన్లు తీసుకునే మూల భాగం) వార్నింగ్ నుంచే చూపిస్తుంది, ఇన్ఫో లైన్లు రాసినా కనబడవు. ఇంకోటి: లాగర్‌కు ఒక లెవెల్, లైనును ఫైల్‌కో మెయిల్‌కో చేరవేసే హ్యాండ్లర్‌కు ఇంకో లెవెల్ ఉంటాయి, రెండు జల్లెడలూ దాటితేనే లైను పడుతుంది. నా దగ్గర లాగర్ డీబగ్ మీద ఉంటుంది. ఫైల్ హ్యాండ్లర్ కూడా డీబగ్, మెయిల్ హ్యాండ్లర్ ఎర్రర్, ఫోన్ హ్యాండ్లర్ క్రిటికల్. లోపలి ఫంక్షన్‌లో ఎర్రర్ రాసి, అదే ఎక్సెప్షన్‌ను పైకి విసిరి, అక్కడ మళ్లీ ఎర్రర్ రాయడం మానుకోండి. దాన్ని ఎవరు పరిష్కరిస్తారో వాళ్లే ఒకసారి రాస్తే చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి

నిన్నటి లాగ్ తీసి, ఎర్రర్, వార్న్ లైన్లలో ఎక్కువసార్లు వచ్చిన పదింటిని కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన ఎవరు, ఏం, ఎప్పటిలోగా అని మూడు గళ్లు గీసి నింపండి. తర్వాత డీబగ్‌లోకి పోయి "లేదు", "పాతది", "డీఫాల్ట్", "వదిలేస్తున్నాం" అన్న అర్థం వచ్చే లైన్లు వెతకండి. ప్రోగ్రామ్ చెప్పకుండా సర్దుకుపోయిన చోట్లన్నీ అక్కడ దొరుకుతాయి. నా 5,840 అక్కడే దాక్కుంది.

మెసేజ్‌లు నేను తెలుగులోనే రాస్తాను, ఆపరేటర్ ఫోన్‌లో చదివి వినిపించాలి కాబట్టి. లెవెల్స్ కాగితం కూడా తెలుగులో రాసి కాటా గదిలో అంటించాను. అతికించిన రోజే ఆయన ఒకటి కొట్టేశాడు. ప్రింటర్‌లో కాగితం అయిపోవస్తే వార్న్ అని రాశాను, ఇంకో 20 చీటీలని అంకె కూడా పెట్టి.

"ఇది తీసేయప్పా. కాగితం రోలు నా సొరుగులోనే ఉంటాది, అయిపోతే ఏస్తా. దీనికి కూడా నీ మిషను అరవాల్నా?"

ఇప్పుడది ఇన్ఫో.