ఫిషర్ ఆరో ఆటను బోర్డు మీద చదవడం ఎలా?

చదరంగంలో క్వీన్స్ గాంబిట్ అనే ఆరంభం నేర్చుకుంటామని వచ్చే పిల్లల చేత నేను మొదట ఆడించేది 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్‌జావిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లోని ఆరో ఆట. తెల్లపావులు అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్‌వి, నల్లవి అప్పటి చాంపియన్, సోవియట్ ఆటగాడు బోరిస్ స్పాస్కీవి. దాదాపు ఎప్పుడూ ఈ4తో (ఈ నిలువు వరుసలో నాలుగో గడికి బంటు జరపడంతో) మొదలుపెట్టే ఫిషర్ ఆ రోజు సీ4 వేశాడు. మూడో ఎత్తులో డీ4 కూడా పడి, ఆట క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లోకి, అంటే తెల్లవైపు ఇవ్వజూపిన సీ4 బంటును నల్లవైపు కొట్టకుండా వదిలేసే పద్ధతిలోకి, వచ్చేసింది.

ఫోన్ పక్కన పెట్టండి. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా మిద్దె మీద ఎండ తగ్గాక చాప పరిచి, చెక్క బోర్డే పెడతాను. ఆట రాసి ఉన్న చోట రాబోయే ఎత్తుల మీద కాగితం కప్పండి. ఫిషర్ ఏం వేస్తాడో ముందు నోట్‌బుక్‌లో రాయండి, కారణంతో సహా. తర్వాతే కాగితం జరపండి.

మొదటి పది ఎత్తులు త్వరగా దాటేయొచ్చు. 15వ ఎత్తు అయ్యాక ఆగండి. స్పాస్కీ బంట్లు సీ5, డీ5లో పక్కపక్కనే ఉన్నాయి, వాటిని కాయడానికి వేరే బంటు లేదు. ఏ3లో ఉన్న ఫిషర్ క్వీన్‌కి, ఈ7లోని నల్ల క్వీన్‌కి మధ్య సీ5 బంటు ఇరుక్కుపోయింది. అందుకే 18వ ఎత్తులో ఫిషర్ గుర్రం ధైర్యంగా డీ4కి దూకింది. బంటు దాన్ని కొడితే స్పాస్కీ క్వీన్ పోతుంది!

తర్వాతి ఎత్తులో ఆ గుర్రమే ఈ6లోని స్పాస్కీ బిషప్‌ను కొట్టింది, స్పాస్కీ బంటుతో ఆ గుర్రాన్ని కొట్టాడు. "పెదనాన్నా, అంత మంచి గుర్రాన్ని ఎందుకు ఇచ్చేసినాడు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. డీ5ను కాస్తున్నది ఆ బిషపే. అది పోయాక తెల్ల గడుల్లో ఫిషర్ బిషప్‌కు ఎదురులేదు. 20వ ఎత్తులో ఈ4 పడగానే స్పాస్కీ తన డీ5 బంటును డీ4కి జరిపాడు. దాంతో సీ4 గడి ఖాళీగా దొరికింది. అక్కడికొచ్చిన బిషప్ ఈ6 బంటు మీద గురిపెట్టింది.

38వ ఎత్తులో ఏనుగును ఇచ్చి గుర్రాన్ని కొట్టడం అందరికీ నచ్చుతుంది. నిజమే, చాలా అందంగా ఉంటుంది. కానీ టైం మాత్రం 18 నుంచి 23 వరకు ఉన్న ఎత్తుల మీద పెట్టండి, ఆట గెలిచింది అక్కడే. 41వ ఎత్తుకు స్పాస్కీ ఓటమి ఒప్పుకుని, ప్రేక్షకులతో కలిసి తనూ చప్పట్లు కొట్టాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆఖర్న, అదీ మీ ఊహ తప్పిన ఎత్తుల దగ్గర మాత్రమే. దానికంటే ముందు 20వ ఎత్తు ఈ4 పడిన స్థితిని మళ్ళీ పేర్చి, నల్లవైపు డీ4 వేయకుండా ఇద్దరు ఆడండి. తర్వాత రంగులు మార్చుకుని ఇంకోసారి ఆడండి.