క్యాంపులో పిల్లల జట్లు కొట్లాట దాకా పోకుండా చూసుకోవడం ఎలా

పాఠశాల పిల్లలను వెంటబెట్టుకొని నాలుగైదు రోజుల క్యాంపుకు వెళ్ళే ఉపాధ్యాయులు మందుల పెట్టె, టార్చిలైట్లు, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు అన్నీ సర్దుకుంటారు గానీ, మొదటి రోజు పక్కపక్కన కూర్చొని తిన్న పిల్లలే నాలుగో రోజుకు ఒకరి మీదికొకరు రాళ్ళు ఏరుకుంటే ఏం చేయాలో ముందుగా ఆలోచించుకొని బయలుదేరేవారు తక్కువ. పెద్దల కాపలా లేకపోతే పిల్లల్లోని మృగం బయటికొస్తుందని చాలామంది నమ్ముతారు. నిజంగా జరిగిన ఉదంతాలను దగ్గరగా చూస్తే నాకు అలా అనిపించదు. కొట్లాటకు కావలసిన సరంజామాను చాలాసార్లు పెద్దలే సమకూరుస్తారు.

1954 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రాబర్స్ కేవ్ పార్కులో, టర్కీలో పుట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం సుమారు పదకొండేళ్ళ వయసున్న 22 మంది అబ్బాయిలతో ఒక శిబిరం నడిపింది. అది ప్రయోగమని పిల్లలకు చెప్పలేదు. ఒకరికొకరు పరిచయం లేని పిల్లలను ఏరి, రెండు జట్లు చేసి, దాదాపు వారం పాటు ఒక జట్టు ఉన్నట్టు రెండో జట్టుకు తెలియకుండా ఉంచారు. ఆ వారంలో ఏ జట్టుకు ఆ జట్టు కలిసి ఈత కొట్టింది, కలిసి వండుకుంది, ర్యాట్లర్స్ అనీ ఈగిల్స్ అనీ పేర్లు పెట్టుకుంది. తరువాత పోటీలు మొదలయ్యాయి. గెలిచిన జట్టుకు కప్పు, అందులో ప్రతి ఒక్కరికీ పతకం, మడత చాకు. ఓడిన జట్టుకు ఏమీ లేదు. తొలిరోజే ఓడిపోయిన ఈగిల్స్ మైదానంలో కనిపించిన ఎదుటివారి జెండాను తగలబెట్టారు. అక్కడి నుంచి రాత్రిపూట దాడులు, తలకిందులైన మంచాలు, చిరిగిన దోమతెరలు, మేజోళ్ళలో రాళ్ళు నింపి సిద్ధంగా పెట్టుకోవడం, చివరికి పెద్దలు అడ్డుపడి విడదీయవలసినంత ముష్టిఘాతాలు.

కాబట్టి మీ జాగ్రత్త జట్లు వేసే దగ్గరే మొదలు కావాలి. ఇదే షెరీఫ్ అంతకు ముందు ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో నడిపిన శిబిరంలో పిల్లలను ముందు కలిపి ఉంచి, స్నేహాలు కుదిరాక విడదీశారు. నిర్వాహకులు చాటుగా కయ్యం పెట్టాలని చూసినా వారు కొట్టుకోకపోగా అనుమానం నిర్వాహకుల మీదికే మళ్ళింది, ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపేయవలసి వచ్చింది. మన ఊళ్ళలో కబడ్డీకి ఉద్దులు కట్టే పద్ధతిలో ఈ తెలివి ఎప్పటినుంచో ఉంది: సమానమైన ఇద్దరు స్నేహితులు పక్కకు వెళ్ళి, ఒకరు చందమామ, ఒకరు సూర్యుడు అని రహస్యంగా పేర్లు పెట్టుకొని వస్తే, నాయకులు కోరుకున్న పేరును బట్టి చెరొక జట్టుకు పోతారు, అందువల్ల ఎదుటి జట్టులో ప్రతివాడికీ తనవాడొకడు ఉంటాడు. క్యాంపులో కూడా మొదటి రోజంతా జట్లు లేకుండా గడపనిచ్చి, మరునాడు ఉద్దులు కట్టించండి. సెక్షన్ల వారీగానో, హాస్టల్ పిల్లలు, డేస్కాలర్లు అనో ఎన్నడూ విడదీయవద్దు. కులం, ఊరు పేరుతో ఏర్పడే జట్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. జట్టు పేర్లను రోజూ మార్చి, సభ్యులను కూడా అటూఇటూ కలుపుతూ ఉండాలి.

బహుమతి విషయంలో మొహమాటం పనికిరాదు. అంతా ఒకరికే దక్కే బహుమతి పెట్టకండి, పెట్టినా పంచుకొని తినేదే పెట్టండి. మార్కులు అందరి ఎదుటా బోర్డు మీద వేయాలి. ఓక్లహోమాలో గదుల శుభ్రత వంటి అంశాలకు నిర్వాహకులు తమ చేతిలోని మార్కులను సర్ది, పోటీ హోరాహోరీగా సాగేలా చూశారు. ఉత్సాహం కోసమని మన ఉపాధ్యాయులూ ఆ పనే చేస్తుంటారు, అది ఆపాలి.

గొడవ ముదిరే ముందు మాట మారుతుంది. పిల్లలు పేర్లు మానేసి ‘వాళ్ళు’, ‘ఆ బ్యాచ్’ అనడం, ఎదుటి జట్టంతటికీ కలిపి ఒక వెక్కిరింపు పేరు కట్టడం, అవతలివాడితో మాట్లాడిన పిల్లవాడితో సొంత జట్టువారే కటీఫ్ చెప్పడం కనిపిస్తే ఆ పూట ఆటలు రద్దు చేయండి. ఈ మూడింటిలో చివరిది నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే సర్దిచెప్పగలిగే పిల్లవాడి నోరు అక్కడ మూతపడుతుంది.

పనులను మాత్రం వంతులవారీగా జంటలకు అప్పగించండి. 1965లో టోంగా దేశపు బోర్డింగ్ పాఠశాల నుంచి పడవలో పారిపోయిన ఆరుగురు అబ్బాయిలు అటా అనే నిర్జన ద్వీపంలో చిక్కుకొని, 1966 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ వార్నర్ ఓడ కంటపడేదాకా, సుమారు పదిహేను నెలలు పెద్దదిక్కు లేకుండానే బతికారు. తోటపని, వంట, కాపలా ఇద్దరిద్దరు చొప్పున పంచుకున్నారు, నిప్పు ఆరనివ్వలేదు. మాటామాటా పెరిగితే ఇద్దరూ దీవిలో చెరొక వైపుకు వెళ్ళి కోపం తగ్గాక రావాలనేది వారి నియమం. ఒకడి కాలు విరిగితే మిగిలినవారు కర్రలతో కట్టు కట్టి, అతడి పని కూడా తామే చేశారు.

ఇంత చేసినా చేయిచేసుకోవడం జరిగితే, ముందు ఇద్దరినీ దూరంగా కూర్చోబెట్టి దెబ్బలు చూడండి, విచారణ ఆ తరువాత. అదే పూట చేతులు కలిపించి ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోబెడితే పని కాదు. రాబర్స్ కేవ్‌లో కలిపి కూర్చోబెట్టిన భోజనాలు ఒకరి మీద ఒకరు తిండి విసురుకోవడంతో ముగిశాయి. అక్కడ పనికొచ్చింది ఉమ్మడి అవసరం: నీళ్ళ ట్యాంకు కుళాయి మూసుకుపోతే రెండు జట్లూ కలిసి వెతికి బాగుచేయవలసి వచ్చింది, తిండి తెచ్చే లారీ మొరాయిస్తే అందరూ ఒకే తాడు పట్టి లాగవలసి వచ్చింది. ఒక్కసారితో మనసులు మారలేదు, అలాంటి పనులు వరుసగా కొన్ని పడ్డాకే మారాయి. మీరు కూడా రెండు జట్లకూ కలిపి బిందెలతో నీళ్ళు మోయడం, కట్టెలు ఏరడం, రాత్రి వంట వంటివి కనీసం రెండు రోజులు అప్పగించి, ఆ తరువాతే ఆటల ఊసెత్తండి. తిరుగు ప్రయాణంలో బస్సులో సీట్లు జట్ల వారీగా కాకుండా, ఎక్కే ముందే చీటీలు తీయించి కేటాయించండి.