గోల్ఫ్‌లో గ్రీన్ దగ్గరికొచ్చాక స్కోరు ఎందుకు చెడుతోంది?

రెండు మంచి షాట్లతో గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) అంచుదాకా వచ్చి, అక్కడి నుంచి నాలుగు కొట్టి డబుల్ బోగీ (ప్యార్ అనే నిర్ణీత స్ట్రోకుల కన్నా రెండు ఎక్కువ) రాసుకోవడం ఎంత బాధో ఆడేవాళ్లకే తెలుసు. చాలామంది దీనికి మందుగా కొత్త వెడ్జ్, అంటే దగ్గరి నుంచి బంతిని లేపి కొట్టే క్లబ్, కొంటారు. లోపం వెడ్జ్‌లో ఉండటం అరుదు. ప్రాక్టీసు చేసే పద్ధతిలోనే ఉంటుంది. అమెరికాలోని ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్ ఆటగాళ్లకు కూడా 18 గ్రీన్లలో సగటున 12 దాకానే సరైన స్ట్రోకుల్లో, అంటే ప్యార్‌కి రెండు స్ట్రోకులు మిగిలేలా, దొరుకుతాయి. మిగతా చోట్ల వాళ్లను కాపాడేది షార్ట్ గేమే, అంటే గ్రీన్ చుట్టుపక్కల ఆడే చిన్న షాట్లే.

(కుడిచేతి వాటం వాళ్ల కోసం రాశాను. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.)

చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్) కొడితే ముందు నేల తగులుతోంది, లేదా బంతి నెత్తిన తగిలి గ్రీన్ దాటిపోతోంది

కారణం: రెండూ ఒకే తప్పు. బంతిని గాల్లోకి లేపాలని ఒళ్లు వెనక్కి వాలుస్తాం. బరువు కుడికాలి మీదకు పోగానే క్లబ్ బంతికి వెనకే నేలకు దిగుతుంది. నేలను తప్పించుకున్నా, పైకి లేస్తూ బంతి నెత్తిన తగులుతుంది.

పరిష్కారం: లేపే పని క్లబ్‌ది. శాండ్ వెడ్జ్‌కి 56 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) ఉన్నది అందుకే. మొదటి నుంచి చివరిదాకా బరువు ఎక్కువగా ఎడమకాలి మీదే ఉంచండి. బంతికి జానెడు వెనక టవల్ మడిచి పెట్టి, అది తగలకుండా కొట్టడం అలవాటు చేసుకోండి.

హైదరాబాద్ ఎండల్లో గ్రీన్ల పక్కన గడ్డి పలచబడి నేల గట్టిపడిన చోట ఇంకో చిక్కుంది. శాండ్ వెడ్జ్ అడుగున ఉండే ఉబ్బు, అంటే బౌన్స్, నేలకు తగిలి ఎగురుతుంది. మధ్యలో బంకర్ (ఇసుక గుంట) లేకపోతే, తక్కువ వాలున్న 8 ఐరన్ క్లబ్‌తో దొర్లించండి. గ్రీన్ మీద వాడే పటర్ తీసినా నామోషీ ఏమీ లేదు.

బంకర్లోంచి బంతి బయటికి రావడం లేదు

కారణం: భయంతో స్వింగ్ సగంలో ఆపేయడం.

పరిష్కారం: ముందు క్లబ్ ఫేస్ తెరిచి (ముఖాన్ని కుడివైపు తిప్పి), ఆ తర్వాత గ్రిప్ పట్టండి. బంతికి రెండంగుళాల వెనక ఇసుకను కొట్టి స్వింగ్ పూర్తిచేయండి. ప్రాక్టీస్ బంకర్లో గీత గీసి, బంతి లేకుండా గీత మీదే ఇసుక లేచేలా కొడుతూ పోండి. వాన పడి ఇసుక తడిస్తే ఫేస్ అంతగా తెరవొద్దు.

గ్రీన్ మీద మూడేసి పట్‌లు (పటర్‌తో బంతిని దొర్లించే షాట్లు) పడుతున్నాయి

కారణం: లైన్ గురించి ఆలోచించినంతగా దూరం గురించి ఆలోచించకపోవడం. 30 అడుగుల పట్ పక్కకు ఆరడుగులు పోవడం అరుదు. ఆరడుగుల ముందే ఆగిపోవడం మాత్రం రోజూ చూస్తాం.

పరిష్కారం: రౌండ్‌కి ముందు పది నిమిషాలు హోల్ సంగతి వదిలేసి, 20, 30, 40 అడుగుల నుంచి గ్రీన్ అంచు దగ్గర బంతి ఆగేలా పట్ చేయండి. గ్రీన్ మీద పెంచే బెర్ముడా రకం గడ్డి మెరుస్తూ కనిపిస్తే అది మీకు అవతలి వైపు వాలి ఉన్నట్టు, బంతి వేగంగా పోతుంది. ముదురు రంగులో కనిపిస్తే ఎదురు, కాస్త గట్టిగా కొట్టాలి.

ప్రాక్టీసులో అన్నీ దగ్గరే పడతాయి, కోర్సులో ఒక్కటీ పడదు

ఎక్కువమందిని వేధించేది ఇదే.

కారణం: ఒకే చోట నిలబడి, ఒకే హోల్‌కి బుట్టెడు బంతులు కొట్టడం. పదో బంతికల్లా చెయ్యి సర్దుకుంటుంది, ఆట వచ్చేసిందనిపిస్తుంది. కోర్సులో ఆ పదో బంతి ఉండదు. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. పనులను కలగాపులగంగా సాధన చేసినవాళ్లు సాధన సమయంలో వెనకబడ్డారు, తర్వాత పరీక్షలో ముందున్నారు.

పరిష్కారం: ఒక్క బంతి తీసుకోండి. గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లు ఎంచుకోండి, కొన్ని మంచి లై (బంతి ఉన్న చోటి నేల పరిస్థితి), కొన్ని చెత్త లై. చిప్ చేసి, బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచి పట్ చేసి హోల్లో వేయండి. చోటుకి ప్యార్ రెండు, మొత్తం 18. గిమ్మీలు (కొట్టకుండానే పడినట్టు ఒప్పుకునే పట్‌లు) ఉండవు, రెండడుగుల పట్ కూడా వేయాల్సిందే. మొదట్లో 25 దాటినా కంగారుపడకుండా స్కోరు రాసుకోండి. ఎనిమిదో చోటికి వచ్చేసరికి కోర్సులో ఉండే టెన్షనే మొదలవుతుంది. మనకు కావలసింది అదే, దాంతో ఆడటం అలవాటవ్వాలి.

ఆ టెన్షన్లో "బంకర్లో పడకూడదు" అనుకుంటే చూపు బంకర్ మీదకే పోతుంది. బంతి మొదట ఎక్కడ నేలను తాకాలో, రుమాలంత చోటు ఎంచుకోండి. ఊపిరి వదలండి, గ్రిప్ కాస్త సడలించండి, దాన్నే చూసి కొట్టండి.

మూడడుగుల పట్‌కి చెయ్యి అదురుతోంది

కారణం: యిప్స్, అంటే పట్ కొట్టేటప్పుడు చెయ్యి తనంతట తానే అదరడం. దీన్ని పిరికితనం అనుకోవద్దు. 1985, 1993లలో మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ గెలిచిన జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ కూడా దీంతో పోరాడినవాడే.

పరిష్కారం: ఆయన చేసినట్టే గ్రిప్ మార్చి చూడండి. ఎడమచేతిని కింద పెట్టే పద్ధతి చాలామందికి పనికొస్తుంది. పటర్‌ని ఛాతీకి ఆనించడం మాత్రం 2016 నుంచి నిబంధనలకు విరుద్ధం. కొత్త గ్రిప్‌తో కొన్నాళ్లు హోల్ లేకుండానే పట్ చేయండి. పడిందా లేదా అన్న లెక్క లేకపోతే చెయ్యి త్వరగా కుదుటపడుతుంది.