టెస్టోస్టెరాన్ తక్కువని రిపోర్ట్ వచ్చిందా? జిమ్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

పోయిన నెల ఒకతను నా దగ్గరికొచ్చి, పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్ట్ తీసి చూపించాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) 268 అని ఉంది, పక్కనే కిందకి చూపిస్తున్న బాణం గుర్తు. ఆ కాగితం ఎనిమిది నెలల కిందటిది. అప్పట్లో వేరే జిమ్‌లో ఎవరో అది చూసి, "ఈ లెవెల్‌తో ఎంత కష్టపడ్డా కండ పట్టదు, ముందు ఇది సరిచేద్దాం" అని వారానికో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టించారట. కండ పట్టింది, హుషారూ వచ్చింది. ఈలోగా భార్యాభర్తలు పిల్లల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్తే, వీర్యపరీక్షలో కణాలు సున్నా.

నేను ఆ రిపోర్ట్‌లో అంకె చూడలేదు. పైన మూలకి చిన్న అక్షరాల్లో ఉన్న శాంపిల్ తీసిన టైమ్ చూశాను. సాయంత్రం 4:40.

"భోజనం చేసి వెళ్ళావా?"

"చేశాను సార్. అంతకుముందు వారం జ్వరం కూడా వచ్చి తగ్గింది."

అంటే అసలు లెక్కలోకి తీసుకోకూడని అంకె అది. దాన్ని నమ్ముకునే ఎనిమిది నెలలు సూది వేయించుకున్నాడు.

నేను డాక్టర్ని కాను, పద్నాలుగేళ్ళుగా ట్రైనర్ని. వార్మప్ చేయండి, నీళ్ళు తాగండి, మంచి షూస్ వేసుకోండి అని ఇక్కడ రాయను. అవి ప్రతి జిమ్ గోడ మీదా ఉంటాయి. నా కళ్ళముందు మనుషుల్ని ముంచిన తప్పు ఒక్కటే: ఒక్క రిపోర్ట్ పట్టుకుని జిమ్‌లో సూది వేయించుకోవడం. దాని గురించే మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి.

ముందు పరీక్ష సంగతి

టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున, పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. కుర్రవాళ్ళలో ఈ తేడా ఇంకా ఎక్కువ. తిన్నాక కూడా కాసేపు పడిపోతుంది. జ్వరం, నిద్రలేని వారం, కడుపు మాడ్చుకునే డైట్, ఏదైనా సరే దాన్ని కిందకి లాగుతుంది. అందుకే పొద్దున 10 లోపు, పరగడుపున, ఒంట్లో బాగున్నప్పుడు ఇవ్వాలి. తక్కువొస్తే ఇంకో రోజు పొద్దున మళ్ళీ ఇవ్వాలి. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గీత డెసిలీటరు రక్తానికి 300 నానోగ్రాముల దగ్గర ఉంది. అదీ రెండు వేర్వేరు ఉదయాల్లో తక్కువ రావాలి, లక్షణాలూ ఉండాలి. ఒక్కసారి 280 వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు.

పొట్ట బాగా ఉన్నవాళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. రక్తంలో టెస్టోస్టెరాన్‌ని మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ వాళ్ళలో తగ్గుతుంది. దాంతో టోటల్ తక్కువగా కనిపించినా, ఒంటికి పనికొచ్చే ఫ్రీ టెస్టోస్టెరాన్ సరిగ్గానే ఉండొచ్చు. డాక్టర్‌ని ఆ సంగతి అడగండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే అదీ చెప్పండి. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని ల్యాబ్ మిషన్లలో అంకెని తారుమారు చేస్తుంది.

సూది లోపల ఏం చేస్తుంది

మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పంపితేనే వృషణాలు పని చేస్తాయి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వచ్చి పడుతుంటే, సరుకు దండిగా ఉందనుకుని పిట్యూటరీ ఆర్డర్లు ఆపేస్తుంది. వృషణాల్లో పని ఆగిపోతుంది, అవి చిన్నవవుతాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ చాలా ఎక్కువ మోతాదులో ఉండాలి, రక్తంలో ఎంత పోసినా ఆ లోటు తీరదు. అంటే 'మగతనం కోసం' వేయించుకున్న సూదే పిల్లలు పుట్టకుండా చేస్తుంది. నమ్మకం కలగకపోతే ఇది వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంతేట్‌ని మగవాళ్ళ గర్భనిరోధకంగా పరీక్షించింది. ఫలితాలు 1990లో వచ్చాయి. పాల్గొన్నవాళ్ళలో సగానికి పైగా వీర్యకణాలు సున్నాకి పడిపోయాయి. జిమ్‌లో 'సైకిల్' అని పిలుచుకునే సూదుల కోర్సుల్లో ఇంతకు రెట్టింపు, మూడింతలు వేసుకునేవాళ్ళని నేను చూశాను.

ఆపేస్తే తిరిగి వస్తాయా? చాలామందికి వస్తాయి. కొందరికి ఆరు నెలలు, కొందరికి రెండేళ్ళు పడుతుంది. కొందరికి పూర్తిగా రావు. మీరు ఏ లెక్కలోకి వస్తారో ముందుగా ఎవరూ చెప్పలేరు.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటుంది. సూది మొదలయ్యాక అసలు కారణం దొరకడం కష్టం. టెస్టోస్టెరాన్ ఎందుకు తగ్గిందో కనుక్కోవడానికి డాక్టర్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, పిట్యూటరీ నుంచే వచ్చే ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్ చూస్తారు. పిట్యూటరీలో గడ్డ ఉండొచ్చు, ఒంట్లో ఐరన్ మరీ పేరుకుపోయి ఉండొచ్చు, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉండొచ్చు, నొప్పులకి వాడే ఓపియాయిడ్ మందులు కారణం కావచ్చు. సూది పడ్డాక ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎలాగూ అణగిపోతాయి. ఇక ఆ రిపోర్ట్‌లో ఏం చదువుతారు?

హార్మోన్ల డాక్టర్ అన్నీ చూసి రాసిన ఇంజెక్షన్‌తో నాకు పేచీ లేదు. అవసరమైనవాళ్ళకి అది మందే. పిల్లలు కావాలంటే ఆ మాట చికిత్సకి ముందే చెప్పాలి, అప్పుడు వేరే దారి చూస్తారు. డాక్టర్లు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) కూడా చూస్తుంటారు. అది 54 శాతం దాటితే రక్తం మరీ చిక్కబడినట్టు, సూది ఆపుతారు. వయసుని బట్టి పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష) చూస్తారు. జిమ్‌లో సూది వేసినవాడు ఇవేవీ చూడడు.

కసరత్తు

జిమ్‌కి వెళ్తే టెస్టోస్టెరాన్ అమాంతం పెరిగిపోతుందన్న మాట నమ్మకండి. బరువులెత్తాక కాస్త పెరుగుతుంది, గంటలోపే మామూలుకొస్తుంది. కానీ లెవెల్ పెరగకపోయినా బలం పెరుగుతుంది, పొట్ట తగ్గుతుంది. అధిక బరువున్నవాళ్ళలో పొట్ట తగ్గితే లెవెల్ కూడా మెల్లగా పైకొస్తుంది. "కండ పట్టదు" అన్నది సూది అమ్మేవాళ్ళ మాట. మెల్లగా పడుతుంది, అంతే.

మొదటి ఆరు వారాలు వారానికి మూడు రోజులు చాలు. ప్రతి సెట్‌లో ఇంకో రెండు మూడు రెప్స్ చేయగలం అనిపించినప్పుడే ఆపేయండి. ఏళ్ళ తరబడి టెస్టోస్టెరాన్ తక్కువుంటే ఎముకలు పలచబడతాయి, రక్తం కూడా తగ్గుతుంది. చిన్నగా పడ్డా ఎముక విరిగినవాళ్ళు, ఎత్తు తగ్గినట్టు అనిపిస్తున్నవాళ్ళు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించుకునేదాకా భుజాల మీద బార్ పెట్టుకుని స్క్వాట్ చేయొద్దు, డెడ్‌లిఫ్ట్ ముట్టుకోవద్దు. రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వస్తుంటే స్టామినా లేదని ట్రెడ్‌మిల్ ఎక్కకండి, ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి.

తిండి సగానికి కోసి రోజూ గంటన్నర కార్డియో చేసేవాళ్ళు అచ్చంగా తాము కూర్చున్న కొమ్మనే నరుక్కుంటున్నారు. అమెరికా సైన్యంలో 8 వారాల రేంజర్ శిక్షణలో అర్ధాకలితో, నిద్రలేకుండా తిరిగిన ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకే టెస్టోస్టెరాన్ పాతాళానికి పడిపోయింది. కడుపునిండా తిన్నాక కోలుకుంది. ఇక మీరెంత?

మిగతావి ఒక వరుసలో పెట్టలేను, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

- నిద్ర ఏడు గంటలకి తగ్గొద్దు. వారం పాటు రోజుకి ఐదు గంటలే పడుకోనిస్తే కుర్రాళ్ళలో పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందని 2011లో వచ్చిన చిన్న అధ్యయనంలో తేలింది.
- గురక గట్టిగా వస్తోందని ఇంట్లోవాళ్ళు అంటుంటే నవ్వి వదిలేయకండి. స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి.
- టెస్టోస్టెరాన్ బూస్టర్ డబ్బాలు కొనకండి. కొన్నింటిలో లేబుల్ మీద రాయని స్టిరాయిడ్లు దొరికాయి. కొందరికి లివర్ దెబ్బతింది.
- "ఇది నేచురల్" అన్న మాటకి విలువ ఇవ్వకండి.
- డాక్టర్ ఒంటికి పూసుకునే టెస్టోస్టెరాన్ జెల్ రాస్తే జిమ్ అయిపోయి స్నానం చేశాక పూసుకోండి. ముందు పూసుకుంటే చెమటకి పోతుంది, బెంచికి అంటుతుంది. ఆరాక బట్ట కప్పండి. జెల్ ఉన్న భుజం మీద పిల్లల్ని పడుకోబెట్టుకోకండి. చర్మం తగిలి పసిపిల్లల్లో యవ్వన లక్షణాలు కనబడిన కేసుల వల్లే అమెరికా ఎఫ్‌డీఏ 2009లో ఆ జెల్స్‌కి గట్టి హెచ్చరిక పెట్టించింది.
- మొదటి వారం ఎవరితోనూ పందెం కాయకండి.
- కసరత్తు చేసిన ఒకటి రెండు రోజులకి కండరాలు వాచి, తట్టుకోలేనంత నొప్పి పుట్టి, మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వస్తే అది మామూలు ఒళ్ళునొప్పులు కాదు. కండరం కరిగి కిడ్నీల మీద పడుతోంది. తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్ళండి.
- సూది మీద ఉన్నవాళ్ళకి ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండె లయ తప్పినట్టు కొట్టుకున్నా అదే తొందర.
- తలనొప్పితో పాటు పక్క చూపు తగ్గుతుంటే జిమ్ ఆపండి. ముందు పిట్యూటరీ సంగతి తేలాలి.
- వాట్సాప్‌లో డోసు అడగకండి. నన్నూ అడగకండి.
- సూదులు పంచుకోకండి. ఒకే వయల్‌లోంచి నలుగురు తీసుకోకండి.
- "సైకిల్ అయ్యాక పీసీటీ మాత్రలు (ఒంటి సొంత హార్మోన్‌ని మళ్ళీ లేపుతాయని ఇచ్చేవి) వేసుకుంటే అంతా సెట్ అవుతుంది" అని చెప్పేవాణ్ణి, సెట్ కాకపోతే బాధ్యత ఎవరిదో అడగండి.
- ఒక్క రిపోర్ట్ చూసి సూది వద్దు. రెండు రిపోర్టులు తక్కువొచ్చినా జిమ్‌లో సూది వద్దు. స్నేహితుడికి బాగా పనిచేసిందని వద్దు. ఒక్క నెల చూసి ఆపేస్తానని వద్దు.
- ఇప్పటికే వేయించుకుంటుంటే, భయపడి మీకు మీరే ఆపేసి ఇంట్లో కూర్చోకండి. ఉన్నట్టుండి ఆపితే నీరసం, దిగులు కుంగదీస్తాయి. డాక్టర్ దగ్గర దాచకుండా ఏది, ఎంత, ఎప్పటి నుంచి అని చెప్పండి. వయల్ లేబుల్ ఫోటో తీసుకెళ్ళండి. లేబుల్ లేకపోతే ఆ వయల్‌నే తీసుకెళ్ళండి.