వెనక కట్టిన కార్ బ్యాటరీ ఛార్జ్ అయితలేదా? మీటర్‌తో పాటు ఒక పాత హెడ్‌లైట్ బల్బు కూడా తీస్కోండి

మా బావ డల్లాస్‌ల ఉంటడు, పోయినేడు ఒక పాత మోటర్‌హోమ్ కొన్నడు. మన దగ్గర టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్‌గా చేయించుకుంటరు కదా, దానికి పెద్దన్న లెక్క, వంటిల్లు బాత్రూమ్ పడక అన్నీ లోపలనే. దాని వెనక జీప్ రాంగ్లర్‌ని నాలుగు చక్రాలు రోడ్డు మీదనే ఉండంగ కట్టుకుని పోతడు, అట్ల కట్టుకునే కార్‌ని అక్కడ టోడ్ అంటరట. ఒక ఆదివారం పొద్దున ఏడింటికి నేను మూసాపేట్‌ల షాప్ షట్టర్ లేపుతుంటే వీడియో కాల్, వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. "బామ్మర్దీ, రోజంతా గుంజుకొచ్చిన, ఇప్పుడు విప్పి స్టార్ట్ చేస్తే జీప్ టక్ టక్ అంటుంది గంతే. ఛార్జింగ్ వైర్ కూడా ఉండె మరి!"

నాది ఆటో ఎలక్ట్రికల్ పని. మోటర్‌హోమ్ చేత్తో ముట్టింది లేదు గానీ పన్నెండు వోల్టులు ఎక్కడైనా పన్నెండు వోల్టులే కదా.

ఫస్ట్ అసలు కరెంట్ ఎటు పోతుందో తెల్సుకోవాలె. కొన్ని కార్లల్ల స్టీరింగ్ లాక్ పడకుండ తాళం ఏసీసీల (ఇంజన్ ఆఫ్‌లనే ఉండి రేడియో లాంటివి నడిచే మొదటి మలుపుల) పెట్టి గుంజుకపోవాలె, అప్పుడు లోపల ఏదో ఒకటి ఆన్‌ల ఉంటనే ఉంటది. పైగా ముందు బండి బ్రేక్ కొడితే వెనక కార్ పెడల్ కూడా నొక్కే బ్రేక్ బాక్స్ ఒకటి పెడ్తరు, అదీ కార్ బ్యాటరీనే తింటది. అన్నీ కలిపి 3 ఆంప్స్ అనుకున్నా 8 గంటలకు 24 ఆంపియర్ అవర్స్, అంటే 60 ఆంపియర్ అవర్స్ బ్యాటరీల సగానికి దగ్గర ఖతం. ముందు బండి నుంచి కార్ బ్యాటరీకి వచ్చే ఛార్జింగ్ వైర్, అదే ఛార్జ్ లైన్, దాని పని ఈ తిండిని పూడ్చుడు వరకే, సచ్చిన బ్యాటరీని లేపుడు దాని పని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లా దీని దగ్గరికే వస్తం.

లైన్‌ని తిట్టే ముందు బ్యాటరీని చూడాలె. గోడ ఛార్జర్ పెట్టి ఫుల్ చేసి, వైర్లు తీసి రాత్రంతా వదిలేస్తే పొద్దుగాల 12.6 వోల్టుల దగ్గర ఉండాలె. 12.2కో 12కో జారిందంటే బ్యాటరీకే వయసైపోయింది, వైర్ మార్చి లాభం లేదు. బావది 12.6 నిలబడ్డది.

ఇగ లైన్. ముందు బండి ఇంజన్ నడుస్తుండంగ, వెనక సాకెట్ నుంచి కార్‌కి పోయే కేబుల్ పీకేసి, సాకెట్‌ల మీటర్ పెట్టాలె. ఏడు పిన్నుల సాకెట్ అయితే మామూలుగా ఛార్జ్ లైన్ నల్ల వైర్, ఎర్త్ (మైనస్) తెల్లది, నీలం బ్రేక్‌ది. మనకు నలుపంటే ఎర్త్ అనే అలవాటు, బావ కూడా అట్లనే ఉల్టా పెట్టి మైనస్ 13.9 వస్తుందని లొల్లి చేసిండు. అయినా పాత బండ్లల్ల కలర్‌ని నమ్మొద్దు, ఎవడు ఏ వైర్ కలిపిండో ఎవరికి తెల్సు. ఇంజన్ ఆఫ్‌ల సున్నా వస్తే భయపడకండి, చాలా బండ్లల్ల రిలే (కరెంట్‌తోని దానంతట అదే పడే స్విచ్) ఇంజన్ ఆన్ అయితేనే లైన్ ఇస్తది. ఇంజన్ నడుస్తున్నా సున్నానే అంటే ముందు బండి బ్యాటరీ దగ్గరి ఫ్యూజో బ్రేకరో ఆ రిలేనో, మూడిట్ల ఒకటి.

బావకు 13.9 వచ్చింది. "లైన్ మంచిగనే ఉంది, జీప్‌లనే ఏదో ఉంది" అని ఒక రాత్రంతా జీప్ ఫ్యూజులు పీకిండు. తప్పు నాది కూడా, ఆ రోజు నేనే సరే అన్న. మీటర్ లోపలికి కరెంట్ దాదాపు ఏం పోదు, అందుకని వైర్‌ల ఒక్క పోగు మిగిలినా, పిన్ను మీద పచ్చటి చిలుం పట్టినా అది ఫుల్ వోల్టేజే చూపిస్తది. ఎల్ఈడీ టెస్టర్ కూడా గంతే, మురిపించి మోసం చేస్తది. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కి మీటరే లేకుండె, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బుకి రెండు వైర్లు కట్టి షర్టు జేబుల పెట్టుకునేటోడు. అది నాలుగున్నర ఆంప్స్ దాకా గుంజుతది, గంత గుంజినప్పుడు లైన్ నిలబడ్డదా లేదా అన్నదే అసలు పరీక్ష.

రెండో రాత్రి బావతో అదే చేయించిన. సాకెట్‌ల ప్లస్‌కీ ఎర్త్‌కీ బల్బు పెడితే దీపం లెక్క ఎర్రగ మినుకుమంది, మీటర్ 6కి పడ్డది. ఇప్పుడు బల్బు ప్లస్ వైర్ అట్లనే ఉంచి, ఎర్త్ వైర్ మాత్రం సాకెట్ నుంచి తీసి బండి ఛాసిస్‌కి, పెయింట్ గీకిన ఇనుముకి తగిలించమన్న. భగ్గుమని వెలిగింది! అంటే ప్లస్ లైన్ నిక్షేపం, ఎర్త్ పోయింది. బంపర్ కింద దూరి చూస్తే సాకెట్ ఎర్త్ వైర్ లగ్గు (కొనకి కొట్టే రింగు) తుప్పు పట్టిన బోల్టుకి ఊరికెనే ఏలాడుతుంది. ఛాసిస్‌కి పెట్టినా బల్బు డల్‌గనే ఉంటే ప్లస్ వైపు వెనక్కి వెతుక్కుంట పోవాలె.

సాకెట్ దగ్గర బల్బు మంచిగ వెలిగితే అప్పుడు కేబుల్ తగిలించి, కార్ వైపు కొన దగ్గర అదే బల్బు. స్ప్రింగ్ లెక్క చుట్టుకునే కేబుల్ అయితే వెలుగుతుండంగ అటు ఇటు వంచండి, లోపల పోగులు తెగితే బల్బు కొట్టుకుంటది. ఆఖరికి కార్ బ్యాటరీ దగ్గర. అక్కడ కరెంట్ వెనక్కి రాకుండ డయోడ్ పెడితే 0.7 వోల్టు దాకా అదే మింగుతది, అది రిపేర్ కాదు, దాని గుణమే అంత.

వైర్ సన్నంగ ఉన్నా అంతే సంగతి. 12 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం వైర్ ఏస్తే, రానూపోనూ కలిపి 10 ఆంప్స్ దగ్గర 1.6 వోల్టులు దారిలనే పోతయి, 13.9 బయల్దేరితే 12.3 చేరుతది, దాంతోని ఏం ఛార్జ్ అయితది? 6 స్క్వేర్ ఎంఎం అయితే 0.7 పోతది, పని నడుస్తది. 3 ఆంప్స్ తిండికి సన్న వైర్ కూడా ఎట్లనో సరిపోతది గానీ బ్యాటరీ కొంచెం దిగి ఉంటే ఎక్కుడు కష్టం.

ఫ్యూజ్ మాటిమాటికి పోతుందంటే ఇందాక చెప్పిందే. కార్ బ్యాటరీ బాగా పడుకుని ఉంటే తగిలించంగనే ఒక్కసారి మస్తు గుంజుతది, ఫ్యూజ్ ఎగిరిపోతది, ఇగ దారంతా ఛార్జింగ్ ఉండదు, సాయంత్రానికి ఇంకా పడుకుంటది. 15 పోయిందని 30 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టకండి, వైర్ కాల్తది. ముందు బ్యాటరీ ఫుల్ చేసి తర్వాత కట్టండి, దిగినంక కార్ స్టార్ట్ చేసే ముందు కేబుల్ పీకండి, లేకుంటే స్టార్టర్ కూడా ఆ సన్న లైన్ నుంచే గుంజుకోబోతది.

మూడో రాత్రి బావ బోల్టు తుప్పు గీకి, కొత్త లగ్గు కొట్టి, గ్రీజు పూసిండు. ఇంజన్ నడుస్తుండంగ కేబుల్ పెట్టక ముందు జీప్ బ్యాటరీ మీద 12.5, పెట్టినంక మెల్లగ 13.4కి ఎక్కింది. మా అక్క వెనక నుంచి "ఇగ పడుకోనిస్తరా లేదా" అని అరుస్తుంటే ఫోన్ పెట్టేసిండు.