ఒకే స్లైడ్ ఫైల్‌లో క్లాసంతా రాయాలంటే

నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో గూగుల్ స్లైడ్స్‌లో ఒకే ఫైల్ మీద పని చేయిస్తుంటే మొదట జరిగేది ఒకరి రాత ఇంకొకరు చెరిపేయడం. అల్లరికన్నా, ఖాళీ డబ్బా ఎక్కడ కనిపిస్తే అక్కడ టైప్ చేయడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. అందుకే ముందే ఒక్కో బిడ్డకు ఒక్కో స్లైడ్ పెట్టి, పైన రోల్ నంబరు పెద్దగా వేయండి. పేర్లు, ఫోటోలు వద్దు. లింక్ ఎవరి చేతికైనా వెళ్లొచ్చు.

ప్రశ్నను టెక్స్ట్ బాక్స్‌లో ఉంచితే కచ్చితంగా ఎవరో ఒకరు లాగేస్తారు. ప్రశ్న ఉన్న స్లైడ్‌ను పీఎన్‌జీగా డౌన్‌లోడ్ చేసి, కొత్త స్లైడ్‌కు 'చేంజ్ బ్యాక్‌గ్రౌండ్'లో ఆ బొమ్మనే పెట్టండి. ఇక అది కదలదు. దాని మీద జవాబుకు ఒక్క బాక్స్ మాత్రం ఉంచి, ఆ స్లైడ్‌ను పిల్లలెందరో అన్నిసార్లు డూప్లికేట్ చేస్తే చాలు.

ఎవరైనా ఎడమవైపు వరుసలో అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినా కంగారు పడకండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి, పది నిమిషాల కిందటి ప్రతిని రీస్టోర్ చేయండి. ఆ తర్వాత రాసినవి మాత్రం పోతాయి కాబట్టి, ముందు అందరి చేతులూ కీబోర్డు మీద నుంచి తీయించండి. లాగిన్ లేకుండా లింక్‌తో వచ్చినవాళ్లు అజ్ఞాత జంతువుల పేర్లతో కనిపిస్తారు (పిల్లలకు అదో సరదా), కానీ ఎవరు చెరిపారో తెలియదు.

పీరియడ్ అవగానే షేర్‌లో 'ఎడిటర్'ను 'వ్యూయర్'గా మార్చండి.