మన ఒంటి తీరును ఒప్పుకొని స్వస్థంగా ఉండడం ఎలా

పెళ్ళిళ్ళలో ఎదురుపడిన బంధువులు మొదట మాట్లాడేది మన ఒంటి గురించే. సన్నగా ఉన్నవాణ్ణి చూసి "చిక్కిపోయావేమిట్రా" అంటారు, బొద్దుగా ఉన్న అమ్మాయిని చూసి "ఒళ్ళు చేశావే" అంటారు. ఆ మాటలను మనసులో పెట్టుకొని ఒకరు లావెక్కడానికి, మరొకరు చిక్కడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడతారు. ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు స్వస్థునికి, అంటే ఆరోగ్యవంతునికి, చెప్పిన లక్షణంలో మాత్రం బరువు ప్రసక్తి లేదు. దోషాలు (వాతం, పిత్తం, కఫం), జఠరాగ్ని (అరిగించుకునే శక్తి), ధాతువులు (రక్తమాంసాల వంటివి), మలవిసర్జన సమంగా ఉండి, ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడని ఆయన నిర్వచనం. "స్వస్థ" అన్న మాటకు అక్షరాలా అర్థం తనలో తాను నిలిచి ఉన్నవాడని. పక్కవాడి ఒంటిని కొలబద్దగా పెట్టుకున్నవాడు తనలో తాను నిలిచినవాడు ఎలా అవుతాడు?

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఆధారం చరకుని ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో, సూత్రస్థానమనే మొదటి భాగంలోని ఏడవ అధ్యాయం. ప్రకృతి (పుట్టుకతో వచ్చిన ఒంటి తత్త్వం), ఆపుకోకూడని వేగాలు (ఒంట్లో సహజంగా పుట్టే తోపుళ్ళు), అలవాట్లు మార్చుకునే క్రమం, చివరికి పెరుగు తినే నియమం కూడా ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. ఆయుర్వేదం పేరుతో డబ్బాలు కొనే ముందు ఎవరైనా చేయదగిన పని దానిని ఒకసారి చదువుకోవడం అని నా అభిప్రాయం.

మొదటి పని మీ ప్రకృతిని గుర్తించడం. కొందరు గర్భం నుంచే మూడు దోషాలూ సమంగా ఉన్నవారుగా, తక్కినవారు వాతమో, పిత్తమో, కఫమో ఎక్కువగా ఉన్నవారుగా కనిపిస్తారని చరకుడు అంటాడు. వాతం ఎక్కువగా ఉన్నవారిది సన్నని ఒళ్ళు, పొడి చర్మం, చలికి తట్టుకోలేని తత్త్వం, ఒకనాడు మండి మరొకనాడు చల్లారే ఆకలి, తేలికగా చెదిరే నిద్ర. పిత్తం ఎక్కువైతే వేడి తాళలేరు, ఆకలికి ఆగలేరు, చెమట ఎక్కువ, జుట్టు తొందరగా నెరుస్తుంది, కోపం ముక్కు మీదే ఉంటుంది. కఫం ఎక్కువైనవారికి నిండైన ఒళ్ళు, గాఢమైన నిద్ర, నిదానమైన ఆకలి, నిదానమైన మాట, ఓర్పు ఉంటాయి. రెండేసి దోషాలు కలిసినవారే మనలో ఎక్కువ కాబట్టి ఒకే గడిలో ఇమడలేదని కంగారు పడనక్కరలేదు.

ఇంటర్నెట్‌లో దొరికే ప్రశ్నావళులు ఇక్కడే పప్పులో కాలు వేస్తాయి. అవి "మీకు నిద్ర పడుతుందా" అని ఈనాటి స్థితిని అడుగుతాయి. ఈనాటి స్థితి వికృతి కావచ్చు, అంటే ఉద్యోగపు ఒత్తిడి వల్లనో, వేళకాని భోజనం వల్లనో వచ్చిన మార్పు కావచ్చు. ప్రకృతి తెలియాలంటే పదేళ్ళ వయసులో మీరు ఎలా ఉండేవారో అమ్మనో, పెద్దమ్మనో అడగండి: అన్నం ఎలా తినేవారు, ఎండలో ఆడివస్తే ఒళ్ళు పేలేదా, జలుబు తరచుగా చేసేదా, నిద్ర లేపితే వెంటనే లేచేవారా. ఆ జవాబులను ఒక నోటుపుస్తకంలో రాసుకొని, పదిహేను రోజుల పాటు ఆకలి, విరేచనం, నిద్ర, పొద్దుటి నాలుక మీది పాచి, మనసు తీరు రోజుకు ఒక్కొక్క వాక్యంగా కింద రాస్తూ పోతే, రెండింటికీ మధ్య తేడా ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ ఉన్నది ఒప్పుకోవలసినది, మధ్యలో వచ్చిచేరినది సరిచేసుకోవలసినది. కఫప్రకృతి గలవారు ఎంత కడుపు మాడ్చుకున్నా వాతప్రకృతి వారి ఎముకల గూడు వారికి రాదు, రావలసిన అవసరమూ లేదు.

ఒప్పుకోవడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. ఏ దోషం ఎక్కువో దానికి విరుద్ధమైన గుణాలున్న ఆహారవిహారాలు ఆ మనిషికి హితమని ఆ అధ్యాయమే చెబుతుంది. ఈ లెక్క తెలుగు ఇళ్ళకు కొత్తదేమీ కాదు. బంగాళాదుంప వాతం చేస్తుందనీ, మామిడిపండు వేడి చేస్తుందనీ, మజ్జిగ చలవ చేస్తుందనీ మన నానమ్మలు అన్నది ఈ భాషలోనే. ఆవకాయ, గోంగూర పిత్తం గలవారికి రోజూ పడవు. "లంఖణం పరమౌషధం" అన్నమాట కఫం గలవారికి బాగా ఒప్పుతుంది కాని, దానినే పట్టుకొని వాతప్రకృతి వారు వారానికి రెండు ఉపవాసాలు చేస్తే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

వాతం గలవారికి నూనెను మించినది లేదు. నాది ఆ తత్త్వమే కాబట్టి నేను చేసేది చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఇనుప గరిటెలో రెండు చెంచాల నువ్వుల నూనె వేసి, సన్నని మంట మీద గోరువెచ్చగా కాచి, నేల మీద పాత వార్తాపత్రిక పరచుకొని కూర్చుంటాను. నూనె ముందు మడమల పగుళ్ళలోకి, తర్వాత వేళ్ళ సందుల్లోకి, చివరికి అరికాలి మధ్య గుంటలోకి బొటనవేలితో ఇంకేదాకా రాయడానికి పది నిమిషాలు పడుతుంది. పాత పంచె ముక్కతో తుడిచి పడుకుంటే, తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం చాలావరకు తగ్గింది. ఏళ్ళ పాటు నేను దాచుకుంటూ తిరిగిన పాదాలవి. రోజూ చేత్తో పట్టుకుంటున్న కొద్దీ వాటి మీది చిన్నచూపు పోయింది. జ్వరం, అజీర్ణం, రొంప ఉన్నప్పుడు నూనె పనికిరాదు. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు నూనె వేడిని మోచేతితో చూసుకోవాలి, పగుళ్ళు పుండ్లయి ఉంటే వైద్యునికి చూపించాలి.

ఇక వేగాల సంగతి. మూత్రం, మలం, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర వంటి పదమూడు వేగాలను ఆపుకోకూడదని చరకుడు చెప్పాడు. బస్సు ప్రయాణమనో, శుభ్రమైన మరుగుదొడ్డి లేదనో గంటల తరబడి బిగబట్టుకునే ఆడవారికి ఈ మాట ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ పదమూడింటిలో కన్నీరు కూడా ఉండడం. కన్నీటిని ఆపుకుంటే జలుబు, కంటిజబ్బు, గుండెజబ్బు, అరుచి, తలతిప్పు వస్తాయని చెప్పి, దానికి మందుగా నిద్రనూ, ప్రియమైన కబుర్లనూ సూచించాడు. మద్యం కూడా ఆ జాబితాలో ఉంది కాని, దానిని మనం పక్కన పెట్టవచ్చు. మగపిల్లవాడు ఏడవకూడదని పెంచిన ఇళ్ళలో ఈ శ్లోకం ఎవరూ వినిపించలేదు.

ఆ వెంటనే ఆయన ఆపుకోవలసిన వేగాలను చెబుతాడు: లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైనవి, పరుషమైన మాట, చాడీ, అబద్ధం, వేళకాని మాట కూడా. కన్నీటిని వదలమని, శోకాన్ని అదుపులో ఉంచమని చెప్పడంలో వైరుధ్యమేమీ లేదు. వచ్చిన ఏడుపును ఏడ్చేసి, ఆ దుఃఖాన్నే రోజంతా నెమరువేయడం మానమని నేను అర్థం చేసుకున్నాను. ఆచరణలో ఇలా చేయండి: పరుషవాక్కును ఇతరుల మీదే కాక మీ మీద మీరు ప్రయోగించినప్పుడు కూడా గమనించండి. "నా మొహానికి ఇదొకటా" అని లోపల అనుకున్న ప్రతిసారీ నోటుపుస్తకంలో ఒక గీత గీయండి. నాలుగు రోజుల తర్వాత గీతలు లెక్కపెట్టండి. అద్దం ముందు ఎన్ని, భోజనం దగ్గర ఎన్ని అన్నది చూస్తే ఎక్కడ నోరు కట్టుకోవాలో తెలుస్తుంది.

అలవాట్లు మార్చుకోవడానికి చరకుడు చెప్పినది పాదాంశిక క్రమం, అంటే పావు వంతు చొప్పున నడిచే పద్ధతి. చెడు అలవాటును పావు వంతు తగ్గించి, దాని చోట మంచిదానిని పావు వంతు పెట్టాలి. ఒక రోజు ఆగి రెండవ పావు, రెండు రోజులు ఆగి మూడవది, మూడు రోజులు ఆగి నాలుగవది. వ్యాఖ్యాతలు ఈ లెక్కను రకరకాలుగా వేశారు గాని, మన పనికి ఇది చాలు. రోజుకు నాలుగు కాఫీలు తాగేవారు సాయంత్రం ఆరు గంటల కాఫీని మొదట తీసేసి, అదే గ్లాసులో జీలకర్ర వేసి కాచిన నీళ్ళు తాగాలి. ఆ వేళ, ఆ గ్లాసు, ఆ కూర్చునే చోటు మారకూడదు. ఒక్కొక్క పావుకు వారం తీసుకున్నా తప్పులేదు, నాకైతే అంతే పట్టింది. ఇలా క్రమంగా తగ్గిన దోషాలు తిరిగి రావనీ, క్రమంగా కూడిన గుణాలు కదలకుండా నిలుస్తాయనీ ఆ శ్లోకం ముగుస్తుంది. ఒక రోజు తప్పితే మళ్ళీ మొదటి మెట్టుకు పోవద్దు, ఆగిన పావు దగ్గరే మొదలుపెట్టండి.

రాత్రి పెరుగు తినవద్దని కూడా అక్కడే ఉంది. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మనకు ఇది కష్టమే. పలుచగా చిలికి, వెన్న తీసి, శొంఠి, సైంధవలవణం కలిపిన మజ్జిగతో నేను సర్దుకుంటున్నాను.

ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్నవారి దినచర్యకు సంబంధించినవి, జబ్బుకు చికిత్సలు కావు. మధుమేహం, రక్తపోటు, థైరాయిడ్ మాత్రలను సొంతంగా ఆపకూడదు. భస్మాలు, రసౌషధాలలో లోహాలు ఉంటాయి కాబట్టి వాటిని ఎవరో చెప్పారని కొని వాడకూడదు. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, వరంగల్లు, విజయవాడ, తిరుపతిలోనూ ఆయుర్వేద కళాశాలల ఆసుపత్రులున్నాయి. బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య పట్టా) చదివిన వైద్యుల దగ్గరకు వెళ్ళండి. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోయినా, బ్రతకాలని లేదనిపించినా, నూనెలతో కాలయాపన చేయకుండా మానసిక వైద్యుని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా వాడుతున్న మందుల చీటీతో పాటు ఆ నోటుపుస్తకాన్ని కూడా పట్టుకెళ్ళండి. "ఎన్నాళ్ళ నుంచి" అని ఆయన అడిగే ప్రశ్నకు జవాబు అందులో తేదీలతో సహా ఉంటుంది.